వేయిన్నిరువదినాలుగు గడులు

మా పాఠశాల సామానుల గదిలో ఆరు పాత కంప్యూటర్లు కలవు. వానిలో నాలుగు ఇప్పటికిని పనిచేయుచున్నవి. అన్నిటియందును విండోస్ 98 అను పాతకాలపు వ్యవస్థయే యున్నది. క్రొత్త యంత్రములు వచ్చిన పిమ్మట వీనిని పలుకరించిన వారు లేరు. గడచిన వేసవి సెలవులకు ముందు వీనిని తూకమునకు అమ్మివేయుదమని ఉపాధ్యాయుల సమావేశమున ఒక మాట వచ్చినది. మేము అడ్డుపడితిమి. మేము తెలుగు చెప్పువారమే గాని కంప్యూటరు చెప్పువారము కాము. అందుచేత పలువురు నవ్విరి. ఆ నవ్వునకు సమాధానముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము కోరునది యింతే. ఈ యంత్రములకు మన విద్యార్థులే తమ చేతులతో బొమ్మల మెనూ తయారు చేయవలెను. ఆ మెనూలోని ప్రతి బొమ్మయందును ఒక తెలుగు అక్షరము కనబడవలెను. తెలుగే యెరుగని యంత్రములో తెలుగు ఎట్లు కనబడునని అడుగవచ్చును. అందులకు మార్గమున్నది. ఆ మార్గము పేరు ఐకాన్ ఎడిటరు.

మెనూ యన్నంతనే మన పిల్లలకు హోటలులో గోడకు వ్రేలాడు పలక జ్ఞప్తికి వచ్చును. అది తప్పు కాదు. లోపల ఏమి దొరకునో బయట చెప్పుటయే రెండింటి పనియును. పూర్వపు కంప్యూటర్లలో ఆ పలక యుండెడిది కాదు. నల్లని తెరమీద ఒక చిన్న గీత మిణుకు మిణుకుమనుచు కూర్చుండెడిది. దానికి కావలసిన ఆజ్ఞను అక్షరము తప్పకుండ ఆంగ్లమున టైపు చేయవలసి యుండెడిది. ఒక్క అక్షరము తప్పినను అది తిరస్కరించెడిది. తరువాత బొమ్మలు వచ్చినవి. బొమ్మపై మౌసును నిలిపి నొక్కినచో పని జరుగును. 1975లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన తన పరిశోధన గ్రంథములో డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్ అను పండితుడు ఇట్టి బొమ్మకు ఐకాను అను పేరు పెట్టెను. 1981లో జిరాక్స్ సంస్థవారు స్టార్ అను యంత్రమును విక్రయమునకు పెట్టినప్పుడు దాని తెరమీద ఒక అమెరికా కార్యాలయమే ప్రత్యక్షమయ్యెను. కాగితములు, అట్ట ఫోల్డర్లు, ఫైళ్ళ సొరుగు, వచ్చిన యుత్తరముల బుట్ట, పోవలసిన యుత్తరముల బుట్ట, అన్నియు అచ్చట కలవు.

ఆ తరువాతి కథలో ఒక చిత్రకారిణి పేరు విద్యార్థులు తప్పక యెరుగవలెను. ఆమె సూసన్ కేర్. 1983 ఆరంభమున ఆమె ఆపిల్ సంస్థలో ప్రవేశించెను. ఆమె యంత్రశాస్త్రము చదివినది కాదు, శిల్పములు చెక్కునది. హైస్కూలులో ఆమెతో చదివిన ఆండీ హర్ట్‌జ్‌ఫెల్డ్ అచ్చట మాకింతాష్ అను క్రొత్త యంత్రమునకు ప్రోగ్రాములు వ్రాయుచుండెను. గళ్ళకాగితముల పుస్తకము ఒకటి కొని, అడ్డముగా 32, నిలువుగా 32 గడులను తీసికొని, అందులో కొన్నిటిని నింపి కొన్నిటిని విడిచి బొమ్మలు వేయవలసినదని ఆతడామెకు చెప్పెను. తరువాత ఆ పనినే యంత్రముమీద చేయుటకు ఒక ఐకాన్ ఎడిటరును వ్రాసి యిచ్చెను. 1984 జనవరి 24వ తేదీన మాకింతాష్ లోకమునకు వెల్లడియైనది. దాని తెర అడ్డము 512, నిలువు 342 చుక్కలు. రంగులు తెలుపు, నలుపు మాత్రమే. దాని జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. ఈనాడు చేతిలోని ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము దానిలో పట్టదు. అంత ఇరుకులో ఆమె గీసిన నవ్వుముఖపు కంప్యూటరు బొమ్మను నలుబది సంవత్సరములు దాటినను జనులు గుర్తుపట్టుచున్నారు.

ముప్పదిరెండును ముప్పదిరెండుతో హెచ్చించిన 1,024 వచ్చును. అనగా వేయిన్నిరువదినాలుగు గడులు. నలుపు తెలుపుల బొమ్మకు గడి యొక్కటికి ఒక బిట్టు చాలును. మొత్తము 128 బైట్లు. విండోసులో పదునారు రంగుల ఐకానుకు గడి యొక్కటికి నాలుగు బిట్లు కావలెను, అది 512 బైట్లు. బొమ్మలో ఏ గడులు పారదర్శకములో, అనగా వెనుకనున్న తెర రంగు ఎచ్చట కనబడవలెనో చెప్పుటకు మరియొక 128 బైట్లు. పై లెక్కలకును రంగుల పట్టికకును కలిపి 126. వెరసి 766 బైట్లు. మా లెక్కల అయ్యవారు ఈ కూడికను తొమ్మిదవ తరగతిలో నల్లబల్లమీద వేసి చూపిరి. తరువాత విద్యార్థులు తాము చేసిన ఐకాను ఫైలును నొక్కి పరిమాణము చూడగా సరిగా 766 అని యున్నది. ఆ దినమున తరగతిలో కలిగిన సంతోషమును మేము తెలుగు గంటలో ఏ పద్యము చెప్పియు కలిగింపలేకపోయితిమని ఒప్పుకొనుచున్నాము.

ఎడిటరు సంగతి చెప్పెదము. దానిని తెరచినచో తెరమీద పెద్ద గళ్ళపలక కనబడును. ప్రక్కన రంగుల గిన్నెలవంటి చతురస్రములుండును. ఒక రంగును ఎంచుకొని, మౌసుతో ఒక గడిని నొక్కినచో అది నిండును. మూలలో అదే బొమ్మ తన నిజమైన పరిమాణములో, గోరంత చిన్నదిగా, ఎప్పటికప్పుడు అగుపించుచుండును. ఈ రెండవ బొమ్మయే అసలైన గురువు. పెద్దపలకపై ఎంతో అందముగా నున్న గీత చిన్నబొమ్మలో మసియై కనబడును. పెద్దపలకపై వంకరటింకరగా మెట్లుమెట్లుగా నున్నది చిన్నబొమ్మలో చక్కని వంపై నిలుచును. కన్ను దేనిని చూచుచున్నదో, దేనిని ఊహించుకొనుచున్నదో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి సాధనము మేము చూడలేదు.

మేము మొదట యంత్రమును ముట్టనీయలేదు. లెక్కల గళ్ళనోటులోనే 32 గడుల చతురస్రము గీయించితిమి. చుక్కల ముగ్గు వేయు నలవాటున్న బాలికలకు ఈ పని చప్పున పట్టుబడినది. ముగ్గులో గీత చుక్కను చుట్టివచ్చును, ఇచ్చట చుక్కయే గీత యగును, భేదమంతే. ఏ వరుసకు ఎన్ని, ఎడమ కుడి సమముగా నున్నవా, నడిమి వరుస యేది అని లెక్కించు నలవాటు రెండింటికిని సమానము. బాలురు మాత్రము మొదట మోటారుసైకిలు వేయబూని గడులు చాలక విసిగిరి.

ఇక వివాదము. మా సైన్సు అయ్యవారు ఈ పనిలో మాకెంతో తోడ్పడినవారు. కాని వారి యభిప్రాయము వేరు. బొమ్మకు భాష లేదు. అందుచేతనే ఐకానులు పుట్టినవి. నాలుగు భాషలు వినబడు మన హోసూరు ప్రాంతమునకు అదియే తగినది. అక్షరమును తెచ్చి అందులో దూర్చుట వెనుకకు నడచుట యని వారి వాదము. వినుటకు ఇది న్యాయముగానే తోచును. మేము మాత్రము ఒప్పుకొనము.

బొమ్మకును పుట్టినూరు కలదు. అట్ట ఫోల్డరు అమెరికా గుమాస్తాకు పుట్టినూరి వస్తువు. మన తాలూకా కచేరీలో గుడ్డలో చుట్టి దారముతో కట్టిన దస్త్రమునే మా తాతలు చూచిరి. దాచు పనికి గుర్తుగా నేటికిని పెక్కు ప్రోగ్రాములలో ఫ్లాపీ బొమ్మ యున్నది. ఏడవ తరగతి పిల్లలకు దానిని చూపి ఇదేమి యని యడిగితిమి. ఒకడు బీరువా యనెను. ఒకతె టీవీ యనెను. వస్తువు పోయినను బొమ్మ మిగిలినది. దాని యర్థమును గురువు నోట విని నేర్చుకొనవలసినదే. అట్లు నేర్చుకొనవలసినదానిని భాష గాక మరేమందుము? మాకింతాష్ కీబోర్డుపై నాలుగు చెవుల ముడివంటి గుర్తొకటి యున్నది. సూసన్ కేర్ దానిని ఒక చిహ్నముల నిఘంటువులో కనిపెట్టెను. అది స్వీడన్ దేశమున దర్శనీయ స్థలములను దారిన పోవువారికి తెలుపు గుర్తు. స్వీడన్ వాసికి అది చదువబడును. మనకు అది వట్టి ముడి.

ఇంక అక్షరమందురా, మన పిల్లలు దానిని ఎట్లును నేర్చుకొనవలసినదే. నేర్చుకొన్నదానిని వాడుకొను తావులే వారికి తక్కువ. 2006లో వచ్చిన చట్టముచే తమిళనాట పాఠశాలలలో తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమముగా నిర్బంధ పాఠ్యమైనది. తమిళము నేర్చుట మంచిదే. ఇరుగుపొరుగువారి భాష, బస్సు ఎక్కుటకును కొలువు చేయుటకును కావలసిన భాష, గొప్ప భాష. మేమును మాట్లాడుదుము. కాని తెలుగు మాధ్యమమున చదువు పిల్లవాడు పాఠ్యపుస్తకము మూసిన పిమ్మట తెలుగక్షరమును ఎచ్చట చూచుచున్నాడు? బస్సు పలకమీద లేదు. దుకాణముల పలకలమీద అరుదు. ఇంటిలో తెలుగు చెవికే గాని కంటికి లేదు. పాఠశాల కంప్యూటరు తెరమీద అసలే లేదు. కనుకనే పిల్లలు తెలుగును పరీక్షకు సంబంధించిన వస్తువుగా చూచుచున్నారు. వారిని తప్పుపట్టుట మాకు చేతకాదు.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి యను తెలుగు ఫాంటు కూడ వచ్చినది. అంతకు పూర్వపు విండోస్ 98లో ఐకాను క్రింద తెలుగున పేరు వ్రాయుటకు సులభమైన దారి లేదు. ఆ యంత్రమునకు తెలుగు తెలియదు. కాని ఐకాను లోపల? అచ్చట యంత్రము చదువదు, చూపును మాత్రమే. మనము నింపిన గడులు కుందేలైనను సరే, కకారమైనను సరే, దానికి రెండును ఒక్కటే. తెలుగు రాని యంత్రములోనికి తెలుగక్షరము బొమ్మ వేషమున ప్రవేశింపవచ్చును. సైన్సు అయ్యవారికి మేము చెప్పిన మాట యిది. వారు తల ఊపిరి గాని ఒప్పుకొన్నారని చెప్పజాలము.

అక్షరమును ముప్పదిరెండు గడులలో కూర్చుట ఎంత కష్టమో దిగినగాని తెలియలేదు. తమిళ పకారమును చూడుడు. ఎడమ నొక నిలువు, అడుగున నొక అడ్డము, కుడిని మరియొక నిలువు. గళ్ళకాగితము దానికొరకే పుట్టినదా యనిపించును. మన పకారమో, దానిలో తిన్నని గీత ఒక్కటియు లేదు. గుండ్రని గీతను చతురస్రపు గడులతో కట్టుటయనగా ఇటుకలతో బావి ఒర కట్టుటయే. వంపు మొదట నాలుగు గడులు, తరువాత రెండు, తరువాత ఒక్కొక్కటి, మరల రెండు, మరల నాలుగు; ఈ క్రమము తప్పినచో గుండ్రము మూలలు తేలి కనబడును. కన్నడమువారికిని ఈ పాటే యని మా తరగతిలో బాగలూరు వైపు పిల్లవాడొకడు గమనించి చెప్పెను. వాడు రెండు లిపులును చదువగలడు.

అక్షరములలో కొన్నింటికి చుట్టరికము మిక్కిలి దగ్గర. పకారము లోపల చిన్నగీత చేర్చిన షకారము; అడుగున చేర్చిన ఫకారము. రకారము నడుమ ఒక చుక్క పెట్టిన ఠకారము. రచన యను అంశమునకు 'ర' గీసిన బాలుడు మౌసు జారి నడిమి గడి నొకదానిని నింపినాడు. చిన్నబొమ్మలో అది స్పష్టముగా 'ఠ' యై కూర్చున్నది. తరగతి యంతయు 'ఠచన, ఠచన' యని నవ్వినది. ఒక్క గడి! వేయిన్నిరువదినాలుగింటిలో ఒక్క గడి అక్షరమును మార్చివేసినది. ఠకారము నడుమ చుక్కను మరవకుడని మేము ఏండ్ల తరబడి ఎర్రసిరాతో దిద్దుచున్నాము. ఆ దినము తరువాత ఆ తరగతిలో ఆ తప్పును దిద్దవలసిన యవసరము మాకు కలుగలేదు.

వత్తులు వచ్చినప్పుడు ఇంకను చిక్కు. క్రీడలకు 'క్రీ' కావలెను. పైన గుడిదీర్ఘము, నడుమ కకారము, క్రింద రావత్తు, మూడంతస్తుల మేడ. పై యంతస్తునకు 8 వరుసలు, నడిమిదానికి 14, క్రిందిదానికి 8, పైనను అడుగునను ఒక్కొక్క వరుస ఖాళీ, మొత్తము 32 అని పిల్లలే పంచుకొనిరి. గీత మందము రెండు గడులు మించినచో లోపలి తెలుపంతయు పూడిపోవును. రెండు గడులకు తగ్గినచో దూరమునుండి కనబడదు. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందునప్పుడు నల్లబల్లపై అక్షరము వ్రాయుటకు పైగీత, అడుగుగీత గీసికొని నడుమ వ్రాయుడని నేర్పిరి. వత్తు ఎచ్చటికి పోవలెనో ఎవరును చెప్పలేదు. ఈ పిల్లల లెక్క వారికి అప్పుడు తెలిసియుండిన బాగుండెడిది.

టైపురైటరు వచ్చిన దినములలో యంత్రమునకు తగినట్లు మన యక్షరములనే కుదింపవలెనని, వత్తులను ప్రక్కకు జరుపవలెనని వాదములు చెలరేగినవి. ఆనాటి యంత్రము మొండిది. దాని మీటలెన్నియో అక్షరములన్నియే. ఈ గళ్ళపలక అటువంటిది కాదు. ఇది ఏ యక్షరమును కోయుమని అడుగదు. ఓపిక మాత్రమే యడుగును.

ఇంకొక పొరపాటును దాచక చెప్పవలెను. మొదటి విడతలో పిల్లలు నల్లని యక్షరము వేసి, చుట్టునున్న గడులను పారదర్శకముగా విడిచిరి. తెర వెనుక రంగు లేతగా నున్నంతకాలము అంతయు చక్కగా నుండెను. ఒక సాయంకాలము ఎవరో తెర రంగును నలుపుగా మార్చిరి. మరునాడు వచ్చి చూడగా మెనూ అంతయు మాయమైనది. క్రింద అంకెలు మాత్రము మిగిలినవి. దొంగలు పడిరని చిన్నపిల్లలు నమ్మిరి. నల్లని తెరపై నల్లని యక్షరము కనబడదు గదా! అప్పటినుండి ప్రతి యక్షరము వెనుకను పసుపురంగు పలక నొకదానిని నింపవలెనని నియమము చేసితిమి.

అంకెల మాట వచ్చినది గావున మెనూ కట్టిన విధమును చెప్పి ముగించెదము. డెస్క్‌టాపుపై ఒక ఫోల్డరు తెరచి, అందులో ఒక్కొక్క ప్రోగ్రామునకు షార్ట్‌కట్ నుంచితిమి. షార్ట్‌కట్‌పై మౌసు కుడిమీట నొక్కి, దాని ప్రాపర్టీసులో ఐకాను మార్చు మీటను నొక్కి, మనము చేసిన ఫైలును చూపినచో పాత బొమ్మ పోయి మన యక్షరము వచ్చును. క్రింద పేరుండవలసిన చోట ఆంగ్లపదము వ్రాయుటకు మనసొప్పక 1, 2, 3 అని అంకెలు వేసితిమి. పేర్లవారీగా పేర్చుమన్నప్పుడు అవే వరుస తప్పకుండ నిలుచుచున్నవి. 1 'లె', లెక్కలకు. 2 'చి', చిత్రములకు. 3 'ర', రచనకు. 4 'పా', పాటలకు. 5 తమిళ పాఠముల సీడీకి తమిళ అకారము. అది తమిళమునకు దక్కవలసిన మర్యాద. 6 'క్రీ'.

ఈ వరుసను నిర్ణయించుటకు రెండు గంటలు పట్టినది. క్రీడలే మొదట నుండవలెనని సగము తరగతి, అసలే వలదని మేము. విండోసులోని సాలిటేరను పేకాట పాఠశాలకు తగదని మా పట్టు. అప్పుడొక బాలిక లేచి, ఆ పేకముక్కల బొమ్మలు గీసినది కూడ సూసన్ కేరే గదా, మీరే ఆమెను మెచ్చుకొంటిరి గదా యని యడిగినది. అది నిజమే. 1990లో వచ్చిన విండోస్ 3.0కు ఆ ముక్కలు ఆమెయే గీసినది. ఈ సంగతి ఆ పిల్లకు చెప్పినదియు మేమే. ఓడిపోయితిమి. అయినను ఆరవ స్థానమునకంటె పైకి రానీయలేదు. మెనూ యనగా ఏది ముందు, ఏది వెనుక, ఏది వలదు అని తేల్చుకొనుట. ఫోనులోని మెనూ ఎవరో ఎచ్చటనో తేల్చి పంపినది. అది ఈనాడు తెలుగున నున్నను తేల్చినవారము మనము కాము. ఫోనులో తెలుగు వచ్చిన పిమ్మట ఈ పాత పెట్టెలతో పనియేమని యడుగువారికి మా సమాధానము ఇదియే.

సైన్సు అయ్యవారు విడువలేదు. తలుపుమీద తెలుగు, లోపల ఆంగ్లము గదా, 'ర' యని నొక్కి లోపలికి పోయినచో తెలుగున ఒక్క ముక్క వ్రాయలేరు గదా యని దెప్పిరి. ఇదియు నిజమే. ఆ యంత్రముల వర్డ్‌ప్యాడులో మా పిల్లలు ఆంగ్లవ్యాసములే వ్రాయుచున్నారు. కాని రెండవ తలుపున, అనగా 'చి' తెరచి, పెయింటులో మౌసునే కలముగా పట్టి తమ పేర్లు తెలుగున వ్రాయుచున్నారు. వ్రాత కోడిగీతలవలె నున్నది. ఆ పేర్లను మేము చెరుపనీయలేదు.

కొన్ని జాగ్రత్తలు. విండోస్ 98కు దానిని చేసిన సంస్థ 2006 జులై 11తో సహాయము నిలిపివేసినది. కనుక ఈ యంత్రములను ఇంటర్నెట్టుకు కలుపరాదు, మేము కలుపలేదు. చేసిన ఐకానులన్నిటిని వేరొక సీడీలో దాచవలెను. ఒక్కొక్కటి 766 బైట్లే గావున తరగతి యంతటి పనియు అందులో ఒక మూలకు సరిపోవును. చెడిపోయిన రెండు యంత్రములను మాత్రము పాతసామానులవానికి తూకమునకు ఇయ్యరాదని మా ప్రార్థన. వాని పాత తెరల గాజులో సీసము కలిసియుండును. వానిని పగులగొట్టువారు పెక్కుమారులు చిన్నపిల్లలు. అట్టి వస్తువులను తీసికొనుటకు అనుమతి పొందిన వారికే అప్పగింపవలెను.

ఆరవ తరగతివారు ఇప్పుడు తమకును ఒక ఫోల్డరు కావలెనని యడుగుచున్నారు. వారు కథల బొమ్మలకు 'క' గీయుచున్నారు. తలకట్టు పెట్టుటకు చోటు చాలక మూడుమార్లు చెరిపిరి. గళ్ళకాగితములు మా బల్లసొరుగులో నున్నవి. కావలసినవారు మధ్యాహ్నపు విరామ సమయమున వచ్చి తీసికొనవచ్చును.